ఖలీసీకి అంత తొందరేమొచ్చింది?

మేం ముగ్గురం 2014లో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు మాది ఒకటే జిల్లా, పాలమూరు. థర్డ్ ఇయర్‌లో దసరా పండుగ నాడు, అంటే 2016 అక్టోబర్ 11న, మాది మూడు జిల్లాలైపోయింది. నాది జోగులాంబ గద్వాల, ఒకడిది వనపర్తి, ఇంకొకడిది నాగర్‌కర్నూల్. హాస్టల్లో అప్పటికే మమ్మల్ని ఊరి పేర్లు పెట్టే పిలిచేవాళ్లు కాబట్టి మాకు పెద్ద తేడా ఏం పడలేదు. "ఏ గద్వాలా, మెస్‌కు వస్తవా?" అంటే నేను. "వనపర్తిగాడు నా చార్జర్ తీస్కపోయిండు" అంటే వాడు. మా పేర్లు అటెండెన్స్ రిజిస్టర్‌లో మాత్రమే ఉండేవి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గేమ్ ఆఫ్ థ్రోన్స్ మా చేతికొచ్చినప్పుడు మాకు అది వింతగా అనిపించలేదు. ఒక్కో ఇంటికి ఒక కోట, ఒక జెండా, పక్కింటోళ్లతో తరతరాల పంచాయితీ. సంస్థానాల గడ్డ మీద పుట్టినోళ్లకు కొత్తేముంది? మా గద్వాల కోట లోపల ఇప్పుడు డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. "మా రాజుగారి దర్బారులో పిల్లలు ఇంజినీరింగ్ డ్రాయింగ్ గీస్తరు, మీ కోటల బీకామ్ చెప్తరు, ఎవరు గొప్ప?" అని వనపర్తిగాడు నన్ను గెలికేవాడు. నాగర్‌కర్నూల్ వాడు మధ్యలో దూరి, "మీరిద్దరు సింహాసనాల కోసం కొట్టుకోండి. నాది నైట్స్ వాచ్, గోడ మీద డ్యూటీ" అనేవాడు. వాడన్నదాంట్లో జోక్ సగమే. ఎందుకో తర్వాత చెప్తాను.

సిరీస్ చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి. అయిపోయి ఇన్నేళ్లయింది, ఇంకా సస్పెన్స్ దాచడం నావల్ల కాదు.

మొదటి నాలుగు సీజన్లు ఒక సీనియర్ అన్న హార్డ్‌డిస్క్‌లో దొరికాయి. అప్పట్లో తెలుగు డబ్బింగ్ లేదు. నాది ఇంగ్లీష్ మీడియమే కానీ గద్వాల ఇంగ్లీష్ మీడియం. నాగర్‌కర్నూల్ వాడు టెన్త్ దాకా సర్కారు బడి, పక్కా తెలుగు మీడియం. కింద సబ్‌టైటిల్స్ పడుతుంటే ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి స్పేస్‌బార్ కొట్టేవాడు. ఓత్ అంటే ఒట్టు, సీజ్ అంటే కోట ముట్టడి, హెయిర్ అంటే వెంట్రుక కాదు వారసుడు అని నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. గంట ఎపిసోడ్ మాకు రెండున్నర గంటలు పట్టేది. మాకు కోపమొచ్చేది కానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ సిరీస్‌ను దాని స్పీడుకు తగ్గట్టు చూసింది వాడొక్కడేనేమో అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ కథ నిజంగానే మెల్లగా నడిచేది. మొదటి ఎపిసోడ్‌లో రాజు రాజధాని నుంచి ఉత్తరాన ఉన్న వింటర్‌ఫెల్‌కు వస్తాడు. నెల రోజులుగా దారిలోనే ఉన్నామని రాణి విసుక్కుంటుంది. ఆ ఒక్క మాటతో మనకు ఆ రాజ్యం ఎంత పెద్దదో తెలిసిపోతుంది. సగం కథ దారుల్లోనే జరిగేది. గుర్రాల మీద, బురదలో, చలిమంటల దగ్గర ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ పోతుంటారు. పడని మనుషులు దారి అయిపోయేసరికి ఒకరికొకరు అర్థమవుతారు. జేమీ, బ్రియెన్ ఇద్దరి ప్రయాణం చూడండి. ఒకసీజన్ మొత్తం దాదాపు నడకే. మొదట్లో పిల్లాణ్ని కిటికీలోంచి తోసేసిన మనిషి మీద మనకు జాలి పుట్టించడానికి వాళ్లకు అంత టైమ్ పట్టింది. పట్టాలి కూడా.

కానీ మా రూమ్‌లో అందరికీ కథ అంటే డెనేరిసే. ఖలీసీ. నాగర్‌కర్నూల్ వాడికైతే మరీ.

వాళ్ల నాయిన, అమ్మ ఇద్దరూ మేస్త్రి వెంట పనులకు పోయినవాళ్లు. పాలమూరు లేబర్ అంటే బయటివాళ్లకు ఒక మాట, మాకు పక్కింటి సంగతి. దేశంలో డ్యామ్‌లు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మావాళ్లు కనిపిస్తారు. వానల్లేని ఏడాది గుంపు మేస్త్రి ఊర్లోకి వస్తాడు. అడ్వాన్స్ ఇస్తాడు. పెళ్లికో, బోరుకో, రోగానికో ఆ పైసలు అప్పుడే అయిపోతాయి. ఇక ఆ అప్పు తీరేదాకా ఆ మనిషి మేస్త్రి మనిషే. ఎంత పని చేసినా, లెక్క రాసేది అవతలివాడు కాబట్టి ఆ అప్పు ఒక పట్టాన తీరదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. చట్టం ఢిల్లీ నుంచి పాలమూరుకు నడుచుకుంటూ వచ్చిందనుకుంటా. వీడు చిన్నప్పుడు అవ్వ దగ్గర పెరిగాడు. అమ్మానాయినలు ఏడాదికి ఒకసారి పండక్కి వచ్చేవాళ్లు, ఒక్కోసారి అదీ లేదు.

అందుకని యుంకాయ్ నగరం ముందు బానిసలంతా ఖలీసీని చేతుల మీద ఎత్తుకుని అమ్మా అని పిలిచే సీన్ వచ్చినప్పుడు వాడు స్పేస్‌బార్ కొట్టలేదు. నోట్‌బుక్ కూడా ముట్టలేదు.

మీరీన్ కోట ముందు ఆమె తెగిపోయిన బానిస పట్టీలను పీపాల్లో నింపి గోడల అవతలికి విసిరేయిస్తుంది గుర్తుందా? దానికి హాస్టల్ మొత్తం ఈలలు. కానీ వాడికి అంతకంటే బాగా గుర్తున్న సీన్ ఇంకొకటి ఉంది. నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒక ముసలాయన దర్బారుకు వస్తాడు. బానిసగా ఉన్నప్పుడు యజమాని పిల్లలకు చదువు చెప్పేవాడు. ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది, ఉండటానికి ఇల్లు లేదు, చెప్పుకోవడానికి పని లేదు. నన్ను నేను మళ్లీ పాత యజమానికి అమ్ముకుంటాను, అనుమతి ఇవ్వండి తల్లీ అంటాడు. ఆమెకు నోట మాట రాదు. చివరికి ఏడాదికి మించకుండా ఒప్పందం రాసుకోవచ్చని ఒప్పుకుంటుంది. యజమానులు ఈ సందు పట్టుకుని పాత దందా మళ్లీ మొదలుపెడతారని పక్కనున్న సలహాదారు అంటాడు. రెండు మూడు నిమిషాల సీన్ అంతే. డ్రాగన్లు లేవు, కత్తులు లేవు.

"ఇగో, గీడనే ఉంటది అసలు కథ" అన్నాడు నాగర్‌కర్నూల్. "విడిపించుడు ఒక్కరోజు పని. తెల్లారి ఆళ్లకు బువ్వెవలు పెడ్తరు? మా ఊర్ల కలెక్టర్ వచ్చి విడిపిచ్చిన్రట ఎన్కట. ఆర్నెల్లకు మళ్లా మేస్త్రి ఇంటి ముందటనే నిలవడ్డరు."

అమెరికాలో కూర్చుని ఎవరో రాసిన డ్రాగన్ల కథ, పాలమూరు పిల్లగాడి ఇంటి సంగతి చెప్పేసింది. పేరు కూడా గుర్తుండని ఒక ముసలాయన కోసం ఆ సిరీస్ అంత టైమ్ ఇచ్చింది కాబట్టే మేం దాన్ని నమ్మాం. ఆ నమ్మకం మీదనే తర్వాతి కోపమంతా.

2017 సంక్రాంతికి మేం వాళ్ల ఊరు పోయాం. జియో సిమ్ వచ్చిన కొత్త, ఊర్లో అందరూ ఫోన్లలో తలలు పెట్టుకుని ఉన్నారు. వీడు యుంకాయ్ సీన్ మళ్లీ చూస్తుంటే వాళ్ల నాయిన పక్కన కూర్చుని తొంగి చూశాడు. ఇంగ్లీష్ ముక్క రాదు. సీన్ అర్థమైంది.

"ఎవల్రా ఆ పిల్ల? దొరసానా?"

"దొరసానే నాయినా. కూలోళ్లను విడిపిస్తది."

ఆయన కాసేపు చూసి అడిగాడు: "మరి అడ్వాన్స్ ఎవలు కట్టిన్రు?"

మాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం సీరియస్‌గానే అడిగాడు. అప్పుడు వీడు అస్టపోర్ కథ చెప్పాడు. సైన్యం కొనడానికి డ్రాగన్‌ను ఇస్తానంటుంది, బానిస సైనికులను తన చేతికి తీసుకుంటుంది, ఆ వెంటనే అదే డ్రాగన్‌తో ఆ యజమానిని కాల్చేస్తుంది. ఆయన మొహం వెలిగిపోయింది. "గట్లనే జెయ్యాలె" అన్నాడు తొడ మీద కొట్టుకుంటూ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక లెక్కలకు వద్దాం. మొదటి ఆరు సీజన్లు ఒక్కోటి 10 ఎపిసోడ్లు. ఏడోది 7. ఎనిమిదోది 6. మొత్తం 73. అంటే 60 ఎపిసోడ్లు పరిచిన దారిని 13 ఎపిసోడ్లలో మూసేశారు. ఎపిసోడ్ల నిడివి కాస్త పెరిగింది నిజమే, కానీ పెరిగిన నిమిషాలన్నీ మంటలకూ యుద్ధాలకూ పోయాయి.

ఏడో సీజన్‌లోనే మాకు డౌట్ మొదలైంది. గోడ అవతల గడ్డకట్టిన చెరువు మధ్యలో జాన్ స్నో బ్యాచ్ ఇరుక్కుంటుంది. ఒకడు కోట దాకా పరుగెత్తాలి, అక్కడి నుంచి కాకి ఉత్తరం పట్టుకుని డ్రాగన్‌స్టోన్ దాకా ఎగరాలి, ఆ ఉత్తరం చదివి ఖలీసీ డ్రాగన్లు వేసుకుని రావాలి. అన్నీ అయిపోయాయి, వీళ్లింకా అదే బండ మీద నిలబడి ఉన్నారు. మొదటి సీజన్‌లో నెల పట్టిన దారి, ఏడో సీజన్‌కు వచ్చేసరికి ఎంజీబీఎస్ నుంచి వనపర్తి బస్సంత కూడా పట్టలేదు. మనకు చిన్నగా నవ్వొస్తుంది, సరేలే అనుకుంటాం. కానీ దూరం పోయిందంటే దాంతో పాటు ఇంకోటి పోతుంది. దారిలో మాట్లాడుకునే టైమ్ పోతుంది. ఆ మాటల్లోనే కదా మనిషి మారేది.

2019 ఏప్రిల్ 15, సోమవారం పొద్దున ఆరున్నర. అప్పటికి ముగ్గురం ఉద్యోగాల్లో చేరి గచ్చిబౌలిలో ఒకే రూమ్‌లో ఉంటున్నాం. అమెరికాలో ఆదివారం రాత్రి వేసేది ఇక్కడ హాట్‌స్టార్‌లో సోమవారం ఆ టైమ్‌కు వచ్చేది. ఆరు సోమవారాలు మేం అలారం లేకుండా లేచాం. ఇంట్లో వాళ్లు నమ్మలేదు.

మూడో ఎపిసోడ్, 82 నిమిషాల యుద్ధం. మొట్టమొదటి ఎపిసోడ్ మొట్టమొదటి సీన్ నుంచి భయపెట్టిన వైట్ వాకర్స్, వాళ్ల నైట్ కింగ్ ఆ ఒక్క రాత్రితో సఫా. ముందు మాకు కనిపించిందే తక్కువ. నేను ఫోన్ బ్రైట్‌నెస్ పెంచి, కిటికీలకు దుప్పట్లు కట్టి, అప్పటికీ ఎవరు ఎవరిని పొడుస్తున్నారో తెలియక వనపర్తిగాడిని అడిగితే, "నాకు చెవులతోనే కనిపిస్తున్నదిరా" అన్నాడు. ఆ ఎపిసోడ్ కోసం 55 రాత్రులు బయట షూటింగ్ చేశారట. అంటే డబ్బు తక్కువై కాదు, కష్టం తక్కువై కాదు. మంచులో నడిచిన నటులను, లైట్లు మోసినవాళ్లను ఎవరూ ఏమనలేరు. కాగితం మీదనే తొందర.

అసలు దెబ్బ మే 13న. ఐదో ఎపిసోడ్. కింగ్స్ ల్యాండింగ్ లొంగిపోయింది. గంటలు మోగాయి. డెనేరిస్ డ్రాగన్ మీద కూర్చుని ఉంది, గెలిచేసింది. మొహంలో ఏదో మారుతుంది. అంతే, వీధుల మీద నిప్పులు. లొంగిపోయిన ఊరు. పిల్లలు, తల్లులు. ఎవరి కోసమైతే ఆమె గొలుసులు తెంపిందో అలాంటి మనుషులే.

మేం ఎపిసోడ్ అయ్యాక మాట్లాడుకోలేదు. నాగర్‌కర్నూల్ వాడు లేచి స్నానానికి పోయాడు, ఆఫీస్ క్యాబ్ వచ్చింది, ఎక్కి పోయాడు.

ఇంటర్నెట్‌లో అప్పుడు రెండు పార్టీలు. ఒకరు: ఆమెను చివర్లో పిచ్చిదాన్ని చేసేశారు. రెండోవారు: మీరు సరిగ్గా చూడలేదు, సూచనలు మొదటి నుంచీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే రెండోవాళ్లు చెప్పినవన్నీ సిరీస్‌లో ఉన్నవే. మొదటి సీజన్‌లో సొంత అన్న తల మీద కరిగిన బంగారం పోస్తుంటే ఆమె కళ్లు తడవవు. మీరీన్‌లో 163 మంది యజమానులను కొయ్యలకు కొట్టిస్తుంది, 163 మంది పిల్లలకు బదులుగా. ఏడో సీజన్‌లో మోకాలు వంచని తండ్రీకొడుకులను కాల్పిస్తుంది. ఇవన్నీ ఉన్నాయి.

ఉన్నాయి, కానీ ఇవి జరిగినప్పుడు మనమేం చేశాం? ఈలలు వేశాం. వేసేలాగే తీశారు. మ్యూజిక్ అట్లా ఉంది, కెమెరా అట్లా ఉంది. తొడ కొట్టి "గట్లనే జెయ్యాలె" అనిపించారు. ఇంగ్లీష్ రాని ఒక పాలమూరు కూలీకి కూడా అనిపించారు. ఇప్పుడు అదే కథ తిరిగి వచ్చి, మీరు చప్పట్లు కొట్టింది ఈ నిప్పులకే, చూసుకోండి అంటే, అది మామూలు మలుపు కాదు. చాలా గొప్ప ఆలోచన. న్యాయం కోసం కాల్చేవాళ్లకు ఎవరు చెడ్డవాళ్లో తేల్చే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంటే ఏమవుతుంది అన్న ప్రశ్న అది. మన ఊళ్లలో కూడా అడగాల్సిన ప్రశ్నే.

కానీ ఆ ప్రశ్నను మాకు ఎప్పుడు చెప్పారు? ఊరు కాలిపోయాక. చివరి ఎపిసోడ్‌లో జైలు గదిలో టిరియన్ కూర్చుని జాన్‌కు వివరంగా చెప్తాడు: ఆమె ఎక్కడికి పోయినా చెడ్డవాళ్లు చస్తుంటారు, మనం మెచ్చుకుంటూ ఉంటాం, ఆమెకు తాను చేసేదంతా మంచే అన్న నమ్మకం పెరుగుతూ పోతుంది అని. అక్షరాలా మా ఈలల గురించే. అంటే రాసినవాళ్లకు తెలుసు. తెలిసి కూడా పది ఎపిసోడ్లలో మన కళ్లతో చూపించాల్సినదాన్ని కొన్ని నిమిషాల ఉపన్యాసం చేసి, అది కూడా సంఘటన అయిపోయాక చేతిలో పెట్టారు. పరీక్ష అయ్యాక సిలబస్ ఇచ్చినట్టు.

నాకు అందరి మీదా కాదు, ముఖ్యంగా నాలుగు, ఐదు ఎపిసోడ్ల మధ్య మీదే కోపం. ఆ కాస్త వ్యవధిలో ఒక డ్రాగన్ చనిపోతుంది, ప్రాణస్నేహితురాలు మిస్సాండే తల పోతుంది, జాన్ దూరం జరుగుతాడు, వారిస్ ద్రోహం చేస్తాడు. ఒక్కోటి ఒక్కో సీజన్ దుఃఖం. పాత పద్ధతిలో అయితే మిస్సాండే పోయాక ఆమె తిండి మానేసిన రోజులు చూసేవాళ్లం. తన వైపు చూసి దండం పెట్టని వెస్టరోస్ జనం మధ్య ఆమె నడవడం చూసేవాళ్లం. ఆ మీరీన్ ముసలాయనలాంటి వాడొకడు వచ్చి, తల్లీ మమ్మల్ని ఎవరూ విడిపించమనలేదు అని అంటే ఆమె మొహం ఎట్లా ఉండేదో చూసేవాళ్లం. అప్పుడు ఊరు కాలితే మన చేతులు కూడా కాలేవి. ఇప్పుడు కోపం మాత్రం మిగిలింది.

పైగా ఈ తొందర ఎవరూ మెడ మీద కత్తి పెట్టి చేయించింది కాదు. ఎక్కువ ఎపిసోడ్లకు హెచ్‌బీఓ సిద్ధంగానే ఉందని, ఇవి చాలన్నది తీసినవాళ్లేనని అప్పట్లో వార్తలొచ్చాయి. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. రిలీజ్ డేట్ ముందుకొచ్చి, ఫీచర్లు తగ్గకపోతే ఏం కోస్తారో నాకు తెలుసు. టెస్టింగ్ కోస్తారు. డెమోలో అన్ని స్క్రీన్లూ వస్తాయి, బటన్లన్నీ పనిచేస్తాయి. ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు ఎందుకు పోతున్నామో మాత్రం వాడేవాడికి అర్థం కాదు. కానీ మా దగ్గర క్లయింట్ డేట్ మార్చనంటాడు. ఇక్కడ క్లయింటే తీరిగ్గా చేయండి అన్నాడట!

మా అమ్మకు ఈ బాధ చెప్తే ఆమెకు వింతగా తోచింది. ఆమెది ఉల్టా సమస్య. కార్తీక దీపం సీరియల్ 2017లో మొదలై 2023 దాకా నడిచింది. డాక్టర్ బాబుకు నిజం తెలియడానికి పట్టిన కాలంలో నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, ఇంకో కంపెనీకి మారాను. వంటలక్క కన్నీళ్లు చూసి చూసి, "ఈ కథ మా జన్మల ఒడువదు" అని తిట్టుకుంటూనే అమ్మ రోజూ ఏడున్నరకల్లా టీవీ ముందు ఉండేది. నేను ఎగతాళి చేసేవాణ్ని. కానీ సాగదీయడం, పరుగెత్తించడం రెండూ ఒకే జబ్బు కాదు. సాగదీస్తే విసుగొస్తుంది, మనిషి మాత్రం చెడిపోదు. దీప చివరి దాకా దీపలాగే ఉంది. పరుగెత్తిస్తే మనకు తెలిసిన మనిషే మారిపోతుంది.

ముగింపు ముందే తెలిసినా నష్టం లేదని మనకంటే ఎవరికి బాగా తెలుసు? రాముడు గెలుస్తాడని తెలియక ఎవరూ రామాయణం వినలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారు 12 మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ పాడతారు. దొరలను దోచి పేదలకు పెట్టినవాడి కథ. విన్నవాళ్లే మళ్లీ వింటారు. 2021లో భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది, మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. సినిమా పాటలో ఆయనకు దొరికింది కాసేపే. అది పాటకు సరిపోయింది. కిన్నెర కథ మొత్తాన్ని అంతసేపట్లో చెప్పమంటే మాత్రం కథ ఉండదు, వార్త ఉంటుంది: ఒకాయన ఉండేవాడు, దోచి పెట్టేవాడు, పోయాడు.

బాహుబలిని చూడండి. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జూలైలో వేసి, 2017 ఏప్రిల్ దాకా ఆపారు. జవాబు ఒక్క వాక్యమే, రాజమాత ఆజ్ఞ. కానీ ఆ ఆజ్ఞ ఎట్లా వచ్చింది, శివగామికి కొడుకు మీద అనుమానం అంచెలంచెలుగా ఎట్లా పెరిగింది అన్నది రెండో సినిమాలో సగానికి పైగా నడిపారు. అందుకే పెద్ద మనసున్న రాజమాత అంత తప్పు చేసినా మనం థియేటర్‌లో అరవలేదు, గొంతులో ఏదో అడ్డం పడింది. మంచి మనిషి చెడు నిర్ణయం తీసుకోవడం ఎట్లా చూపించాలో మన కమర్షియల్ సినిమాకు తెలుసు. వెయ్యి కోట్ల పాఠం అది, హెచ్‌బీఓ వాళ్లు ఒక టికెట్ కొనుక్కుని ఉంటే బాగుండేది.

2019లో ఎనిమిదో సీజన్ మళ్లీ తీయండంటూ ఆన్‌లైన్‌లో పెట్టిన పిటిషన్ మీద 10 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. వనపర్తిగాడు కూడా చేశాడు, మూడు ఈమెయిల్ ఐడీలతో. నేను చేయలేదు. మళ్లీ తీయమనడం నాకు నచ్చదు. ఫ్యాన్స్ ఓట్లు వేసి రాసే కథ ఇంకో రకంగా చెడిపోతుంది. అయినా అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆ సిరీస్‌కే ఉత్తమ డ్రామాగా ఎమ్మీ ఇచ్చారు. అసలు పుస్తకం రాసిన జార్జ్ మార్టిన్ ఐదో భాగం 2011లో ఇచ్చి, ఆరోదాన్ని ఇంకా రాస్తూనే ఉన్నాడు. టీవీవాళ్లు పుస్తకాన్ని దాటిపోయాక పడ్డ తిప్పలే ఇవన్నీ. ఒకాయన అసలు ముగించడు, ఇంకొకరు ముగించి చేతులు దులుపుకున్నారు. మధ్యలో మనం.

హౌస్ ఆఫ్ ది డ్రాగన్ వచ్చినప్పుడు నేను, వనపర్తిగాడు మళ్లీ కూర్చున్నాం. 2022లో 10 ఎపిసోడ్లు బాగానే ఉన్నాయి. మధ్యలో ఏళ్లకు ఏళ్లు దూకించారు, అయినా ఒక ముసలి రాజు సింహాసనం దాకా కర్ర పట్టుకుని నడిచే సీన్‌కు ఎంత టైమ్ కావాలో అంత ఇచ్చారు. 2024లో రెండో సీజన్ 8కి తగ్గింది, యుద్ధం మొదలయ్యే ముందు తెర పడింది. వాడు ఫోన్ చేసి, "మల్ల గదే కథరా" అని తిట్టాడు. నాగర్‌కర్నూల్ వాడిని పిలిస్తే రాలేదు. వాడు మళ్లీ ఆ ప్రపంచంలో అడుగు పెట్టలేదు. ఎందుకని అడిగితే, "పిచ్చిలేసి కాలబెట్టింది అని చెప్పుడు మస్తు అల్కగ ఉంటదిరా. మా ఊర్ల కూలోళ్లు తిరగబడ్డ ప్రతిసారి దొరలు గదే చెప్పిన్రు, వీళ్లకు పిచ్చిలేసిందని" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. సిరీస్ ఆ మాట చెప్పదలుచుకోలేదని నాకు తెలుసు. కానీ తొందరలో చెప్తే ఆ మాటలాగే వినిపిస్తుంది.

2019 దసరాకు మేం మళ్లీ వాళ్ల ఊరు పోయాం. వాళ్ల నాయిన పనులకు పోవడం మానేశాడు, మోకాళ్లు సహకరించట్లేదు. కాలువ నీళ్లతో రెండెకరాలు వరి వేశాడు. పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ తెల్లజుట్టు పిల్ల సంగతేమైంది రా? గద్దెనెక్కిందా?"

నేను వీడి వైపు చూశాను. వీడు ఫోన్ పక్కన పెట్టాడు.

"ఇంకా రాలే నాయినా. ఓడలెక్కింది. సముద్రం మీద ఉన్నది."

"ఎన్ని దినాలు పడ్తది?"

"శానా దూరం నాయినా" అన్నాడు.